ఆ 14 గింజలు అబద్ధం చెప్పలేదు

నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు వైపు ఒక పల్లె నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. క్లుప్తంగా ఆమె కష్టం ఇది.

ఆమెకి 36 ఏళ్ళు. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తామామలు. మామగారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా 'అయ్యవారు' అంటారు. ఆస్పత్రి చీటీ అయినా బ్యాంకు నోటీసయినా ముందు ఆయన చేతిలో పెట్టాకే మిగతా పని. రెండు నెలల కిందట ఎవరో ఆయనకి ఒక వీడియో పంపారు. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోంది. స్టోరు బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని కింద రాసి ఉంది. ఆయన దాన్ని అలాగే పంపెయ్యలేదు. ఇంట్లో ఉన్న స్టోరు బియ్యం గుప్పెడు తీసి గ్లాసెడు నీళ్ళలో పోశారు. కొన్ని గింజలు తేలాయి. వాటిని ఏరి, మనవడి పలక మీద వరసగా పేర్చి, లెక్కపెట్టి ఫొటో తీశారు. 14. ఆ ఫొటోతో పాటు తన గొంతుతో ఊరి గ్రూపులో పెట్టారు: "నేను కళ్ళారా చూశాను. పిలకాయలకి ఈ బియ్యం పెట్టబాకండి."

ఆ తర్వాత సెంటర్లో 22 మంది పిల్లల్లో 13 మంది ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. గర్భిణులు బియ్యం వద్దంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి ఏడో నెల, రక్తం 8 గ్రాములే ఉంది. ఈమెకి కడుపు మండి, అదే గ్రూపులో "ఇది ఫేక్. తెలిసీ తెలియకుండా ఇట్టాంటివి పెట్టి ఊరిని చెడగొట్టబాకండి" అని రాసి, డిపార్ట్‌మెంటు వాళ్ళ సర్క్యులర్ కింద తగిలించారు. ఒక కుర్రాడు నవ్వు బొమ్మ పెట్టాడు. వాడి వెనక ఇంకో ముగ్గురు. ఆ రాత్రే మామగారు గ్రూపులోంచి బయటికొచ్చేశారు. మూడు వారాలుగా కోడలితో మాట లేదు, ఆమె వడ్డిస్తే తినరు. భర్త "నీ ఉద్యోగం కోసం మా నాయన పరువు తీశావు" అంటున్నారు. అవతల సూపర్‌వైజరు మేడమ్, ఆ ఆడియో ఎవరిదో పేరు రాసివ్వమంటున్నారు.

క్షమాపణ చెప్పాలా? పేరు ఇవ్వాలా? "అంత చదువుకున్న మనిషి అంత అబద్ధాన్ని ఎట్టా నమ్మాడు?" ఇవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, అడగని మాట ఒకటి చిన్న అక్షరాలతో ఉంది. 2021లో మామగారికి కరోనా వచ్చినప్పుడు, కర్పూరం, వాము, లవంగాలు మూట కట్టి వాసన చూపిస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న మెసేజ్ నమ్మి, ఈమే మూట కట్టి ఆయన దిండు పక్కన పెట్టారట, పదిమందికి పంపారట కూడా.

అమ్మా, మీ మూడో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్టే.

మీ మామయ్య వీడియోని నమ్మలేదు. నమ్మేవారైతే గ్లాసులో నీళ్ళు పొయ్యాల్సిన పనేముంది? ఆయనకి అనుమానం వచ్చింది, సైన్సు మాస్టారు కాబట్టి పరీక్ష చేశారు. పరీక్షలో గింజలు నిజంగానే తేలాయి. అక్కడిదాకా ఆయన చేసిందాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. బియ్యంలో బియ్యంలా లేని గింజలు ఉన్నాయన్నది నిజం. అవి ఏమిటి అన్న దగ్గరే తప్పు జరిగింది. ఆ జవాబు ఆయన చేతిలో లేదు. వీడియో మాత్రం తయారుగా ఉంది.

మీకు తెలిసిందే అయినా చెప్తాను, ఎందుకంటే ఇది మీరు ఆయనకి చెప్పాల్సిన తీరులో చెప్పాలి. బియ్యాన్ని పిండి చేసి, అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, ఆ ముద్దని మిషన్‌లో మళ్ళీ బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి ఆరబెడతారు. ఈ గింజల్ని మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించిన పథకం ఇదే. ముందు అంగన్‌వాడీలకీ బడులకీ, తర్వాత రేషన్‌కీ వచ్చింది. ఒత్తి చేసిన గింజ కాబట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, బరువు తక్కువ కాబట్టి కడిగేటప్పుడు కొన్ని తేలతాయి.

ఇప్పుడు ఆయన లెక్క చూడండి. గుప్పెడు బియ్యం అంటే చేతిని బట్టి సుమారు పదిహేను వందల గింజలు. నూటికి ఒకటంటే పదిహేను. ఆయనకి దొరికినవి 14! ఇంత శ్రద్ధగా ఏరి, పలక మీద పేర్చి లెక్కపెట్టిన మనిషిని పట్టుకుని మనం "ఫేక్" అన్నాం. ఆయనకి బాధ కలిగింది అందుకే. తప్పు పట్టినందుకు కాదు, తాను చూసిందాన్ని చూడనట్టే కొట్టిపారేసినందుకు. మీరు పెట్టిన సర్క్యులర్ మీరే ఇంకోసారి చదవండి. పుకార్లు నమ్మవద్దని ఉంటుంది, కఠిన చర్యలని ఉంటుంది. నీళ్ళలో తేలిన ఆ 14 గింజల సంగతి అందులో ఉందా?

వరి పండించే జిల్లా మనది. మొలగొలుకుల పేరు చెప్తే ఇప్పటికీ పెద్దవాళ్ళ మొహాలు విచ్చుకుంటాయి. గింజని వేళ్ళ మధ్య నలిపి ఏ రకమో, ఎన్నాళ్ళ పాతదో చెప్పగలిగిన చేతులు మీ ఊళ్ళో ఎన్నో ఉంటాయి. అలాంటి చోట బియ్యంలోకి ఒక కొత్త గింజ వస్తే ఎవరికీ కనపడదనుకోవడం ఎంత తప్పు! వాళ్ళకి ముందే కనపడుతుంది. కనపడినప్పుడు "ఇదేంది?" అని అడిగితే చెప్పేవాళ్ళు ఉండాలి. డీలరు చెప్పలేదు, పోషకాలు కలిపిన బియ్యమని చెప్పడానికి బస్తా మీద వేసిన నీలం రంగు ప్లస్ ఎఫ్ (+F) గుర్తు అర్థమేమిటో ఎవరూ విప్పలేదు. మరి పాలలో నీళ్ళు, కారంలో రంగు, నూనెలో ఇంకో నూనె చూసి చూసి ఉన్న జనం కల్తీ అనుకోక ఇంకేమనుకుంటారు? ఖాళీగా వదిలేసిన చోట కలుపు మొలిచింది. కలుపు మొలిచిందని చేనుని తిట్టి ఏం లాభం?

ఇక ఊరు ఎందుకు నమ్మింది? ఊరు కూడా వీడియోని నమ్మలేదమ్మా, అయ్యవారిని నమ్మింది. ఇందులో ఒక సంగతి గమనించండి. చాలా చేతులు మారిన మెసేజ్ మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తోంది. ఆ గుర్తు ఉంటే చూసేవాళ్ళు కాస్తయినా ఆగుతారు. కానీ మామయ్య అదే సంగతిని తన గొంతుతో, తన ఫొటోతో కొత్తగా పెట్టారు. బాణాలు పోయాయి. ఎక్కడో ఎవరో అల్లిన మాట, ఊరు ముప్పై ఏళ్ళుగా వింటున్న గొంతు తొడుక్కుని వచ్చింది. బ్యాంకు నోటీసు విషయంలో తప్పు చెప్పని గొంతు బియ్యం విషయంలో తప్పు చెప్తుందని ఎవరనుకుంటారు? అక్కడి నుంచి అమ్మల గ్రూపుకి, పొదుపు సంఘాల గ్రూపుకి, పక్క ఊరికి పోయి, మళ్ళీ చుట్టాల ఫోన్లోంచి అదే మాట తిరిగొస్తుంది. నలుగురి దగ్గర విన్నామనిపిస్తుంది, నలుగురూ విన్నది ఒక్కరి దగ్గరే. ఒకే మాట పదేపదే వింటే నిజమనిపించడం మనుషులందరికీ ఉన్న గుణం. 1977లో హాషర్, గోల్డ్‌స్టైన్, టొప్పినో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకి రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించారు. మళ్ళీ మళ్ళీ విన్న వాక్యాలని, అవి నిజమైనా కాకపోయినా, పిల్లలు ఎక్కువగా నమ్మారు. వాళ్ళు చదువుకుంటున్న పిల్లలే.

మంచివాళ్ళు ఇలాంటివి ఎందుకు పంపుతారన్నది ఇంకో ముడి. "నిజమైతే పిల్లలు బతుకుతారు, కాకపోతే పోయేదేముంది" అనుకుంటారు. మన తీరం వాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నాలుగు రోజులకి, 30వ తేదీన, మళ్ళీ రావచ్చని కేంద్ర హోంశాఖే హెచ్చరించింది. తీరం పొడుగునా జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగు తీశారు. అల రాలేదు. అయినా ఆ రోజు పరిగెత్తినవాళ్ళని నేను తెలివితక్కువవాళ్ళని ఎన్నడూ అనను. నాలుగు రోజుల కింద చూసిన నీళ్ళు వాళ్ళ కళ్ళలోనే ఉన్నాయి.

అయితే "పోయేదేముంది" అన్న మాట మాత్రం నిజం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని దేశమంతా మెసేజ్‌లు తిరిగాయి. ఒక వీడియోలో మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది నిజానికి పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపేసే ముక్కని ఎవరో కోసేశారు. ఇలాంటివి నమ్మినవాళ్ళ చేతుల్లో, ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని రాయిన్‌పాడలో అయిదుగురు మనుషులు చనిపోయారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు. మీ ఊళ్ళో పోయేది ఇంత పెద్దగా కనపడదు. ఏడో నెల గర్భిణి ఒంట్లో రక్తం చప్పుడు లేకుండా తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మీరు కోపం తెచ్చుకున్నది అందుకే. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని తప్పనుకోకండి.

ఇప్పుడు ఆ కర్పూరం మూట సంగతి. దాన్ని సిగ్గుపడుతూ రాశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన మాట అదే. ఆ రోజు మీకు చదువు లేకనా నమ్మారు? ఆక్సిజన్ దొరకని రోజులు, మంచం మీద మనిషి, చెయ్యడానికి చేతిలో ఏమీ లేదు. చెయ్యడానికి ఏదో ఒకటి ఇచ్చిన మెసేజ్‌ని మీరు పట్టుకున్నారు. మీ మామయ్య సైన్సు మాస్టారు. కర్పూరం వాసనకి ఆక్సిజన్ పెరగదని ఆయనకి తెలిసే ఉండొచ్చు. కోడలు పెట్టిన మూటని ఆయన తీసి అవతల పడేశారా? పడేశారని మీరు రాయలేదు.

క్షమాపణ గురించి అడిగారు. అన్న మాటకి అక్కర్లేదు, అన్న తీరుకి చెప్పండి. ఈ రెండూ కలిపేస్తే చిక్కు. "నేను తప్పు, మీరే రైటు" అంటే ఇల్లు చల్లబడుతుంది, కానీ రేపు సెంటర్లో మీరు వడ్డించే అన్నానికి మీరే సాక్ష్యం లేకుండా చేసుకున్నట్టు. "నలుగురిలో అలా రాయకుండా ముందు మీతో మాట్లాడాల్సింది మామయ్యా. అది నా తప్పే" అనండి. మీ ఆయన్ని మధ్యవర్తిగా పెట్టకండి. ఆయన ఇప్పటికే ఒక పక్కకి ఒరిగి ఉన్నారు, మాట మారిపోతుంది. సాయంత్రం పూట, అత్తయ్య ఉండగా అయితే మంచిది. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ఆ మూటతోనే మొదలుపెట్టండి. "ఆ రోజు నేను కూడా నమ్మాను, మీరు నన్ను ఏమీ అనలేదు" అంటే చాలు. ఆయన వెంటనే కరిగిపోతారని నేను చెప్పను. మూడు వారాలు బిగబట్టుకున్న మనిషి ఇంకో వారం పట్టొచ్చు. మాట పూర్తయ్యాక లేచి మీ పనికి మీరు వెళ్ళిపోండి, జవాబు కోసం నిలబడకండి.

మాట కలిశాక రెండో పని. మొదటి రోజే దీని జోలికి పోవద్దు. ఆ 14 గింజల లెక్క ఆయనకి చెప్పండి. నూటికి ఒకటి చొప్పున ఎన్ని రావాలో ఆయన్నే కట్టమనండి. తర్వాత, "ఇది పిండేనా, ప్లాస్టికా అని ఎట్టా తేల్చాలి మామయ్యా?" అని అడగండి. నిజంగానే అడగండి, ఆయనకి తెలుసు. గంజి మీద అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు రంగుకి తిరుగుతుందని ఎన్ని ఏళ్ళు బల్ల ముందు నిలబడి పిల్లలకి చూపించి ఉంటారో! ఏరిన గింజని నానబెట్టి, చిదిపి, టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క. పక్కనే మామూలు గింజ, ఇంకో పక్క ప్లాస్టిక్ సంచి ముక్క. బియ్యపు గింజలు రెండూ నల్లబడతాయి, ప్లాస్టిక్ ముక్క నల్లబడదు. కావాలంటే పట్కారుతో పట్టుకుని మంటలో పెట్టి చూడండి, గింజ మాడుతుంది, ప్లాస్టిక్ కరిగి కారుతుంది. ఆ వీడియోలో ఎగిరిన అన్నం ముద్ద మాటకొస్తే, మీ ఇంట్లో సోనా మసూరి అన్నాన్ని గట్టిగా ముద్ద కట్టి కొట్టినా ఎగురుతుంది. గంజి జిగురు వల్ల.

ఇది ఇంట్లోనే చేసి ఊరుకోవచ్చు. అప్పుడు ఆయన మనసు మారుతుంది, ఊరి మనసు మారదు. సెంటర్లో తల్లుల ముందు ఆయన చేతే చేయించొచ్చు. అప్పుడు ఏ గొంతుని నమ్మి మానేశారో ఆ గొంతే విని మళ్ళీ తింటారు. దీనికి మించిన దారి నాకు కనపడటం లేదు. కానీ ఆయన ఒప్పుకోకపోవచ్చు. "నేను చెప్పింది తప్పని నేనే డప్పు కొట్టుకోవాలా" అనొచ్చు. అలా అంటే బలవంతం వద్దు. "తేలిన గింజలు ఏమిటో అయ్యవారే కనుక్కున్నారు" అని మీరు పరిచయం చేస్తే అది ఓటమిలా ఉండదు. అందులో అబద్ధమూ లేదు, కనుక్కోవడం మొదలుపెట్టింది ఆయనే కదా. అప్పటికీ కాదంటే ఏఎన్ఎం గారి చేత చేయించండి. సగం మందే నమ్ముతారు, సగమైనా నయం. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఆయనకి చెప్పకుండా ఆయన పాత శిష్యుల్నో, పెద్దమనుషుల్నో ఇంటికి పిలిపించి నచ్చచెప్పించడం. అది ఆయనకి ఇంకో గ్రూపులా ఉంటుంది, ఈసారి నవ్వు బొమ్మలు ఎదురుగా కూర్చుంటాయి.

తల్లులు అడిగే ప్రశ్నల్లో నిజమైనవీ ఉంటాయి, వాటిని కూడా పుకార్ల గాటన కట్టకండి. తలసీమియా లాంటి జబ్బున్న బిడ్డకి ఈ ఐరన్ బియ్యం పెట్టొచ్చా అని ఎవరైనా అడిగితే, డాక్టరుని అడిగి పెట్టండనే చెప్పాలి. తెలియనిది కనుక్కుని చెప్తానంటే మీ మాటకి బలం పెరుగుతుంది. ఇంకొకటి, తేలిన గింజల్ని కడుగు నీళ్ళతో పారబోయకుండా వండమని మీ ఆయాకి చెప్పండి.

సూపర్‌వైజరు గారి సంగతి. అబద్ధం చెప్పకండి. రేపు ఎలాగూ తెలుస్తుంది, ఊరంతా విన్న గొంతు అది. దాచారని తెలిస్తే మీ ఉద్యోగానికి మచ్చ. పేరు రాసిచ్చి ఊరుకుంటే, ఎవరో ఒకరు ఇంటికొచ్చి పెద్దాయన్ని హెచ్చరిస్తారు. ఆ ఇంట్లో మీకిక మాట మిగలదు, ఊరు కూడా "ఏదో ఉంది కాబట్టే భయపెడుతున్నారు" అనుకుంటుంది. మేడమ్‌ని కలిసి ఉన్నదున్నట్టు చెప్పండి: ఆడియో మా మామగారిది, కావాలని చేసింది కాదు, తేలిన గింజలు చూసి భయపడ్డారు, ఈ వారంలో సెంటర్లో పరీక్ష పెట్టి చూపిస్తాం, మీరూ రండి. దాంతోపాటు, ఆ గింజలేమిటో బొమ్మలతో తెలుగులో రాసిన కాగితం ఒకటి సెంటరు గోడకీ, రేషన్ ఇచ్చే చోటా అంటించమని మీరే రాతపూర్వకంగా అడగండి. ఆవిడ పేరు కోసమే పట్టుబట్టొచ్చు. అప్పుడు ఇవ్వక తప్పదు. ఇచ్చేముందు మామయ్యకి మీ నోటితో మీరే చెప్పండి, ఇంకొకరి ద్వారా వినకూడదు.

మీ ఆయనతో కూడా ఒకమాట. "నీ ఉద్యోగం కోసం" అన్నారాయన. ఆ 13 మంది పిల్లల పేర్లూ, ఆ గర్భిణి పేరూ ఆయనకి తెలుసా? ఊళ్ళోవాళ్ళే కదా. పోట్లాట కోసం కాకుండా, ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి ఒక్కో పేరూ చెప్పండి.

ఇవన్నీ జరగడానికి వారమో రెండు వారాలో పడుతుంది. ఆ ఏడో నెల అమ్మాయికి అంత టైము లేదు. ఆమె దగ్గర బియ్యం గొడవ ఎత్తనే వద్దు. ఆ గింజలు నమ్మకపోతే నమ్మకపోనివ్వండి. ఐరన్ మాత్రలు వేసుకుంటోందా, ఏ పూట వేసుకుంటోంది, టీతో మింగుతోందా, గుడ్డు తింటోందా, వాళ్ళత్త ఏం వండి పెడుతోంది, ఇవి అడగండి. 8 గ్రాములంటే మాత్రలతో సరిపెట్టాలో, ఇంకేదైనా చెయ్యాలో డాక్టరు చెప్పాలి, అందుకని ఏఎన్ఎంని వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. మామయ్యతో మాట కలిసినా కలవకపోయినా, రేపు పొద్దున సెంటరు తాళం తీసేముందు వాళ్ళింటికి వెళ్ళండి.